వల వేసే ముందు గోతులు లెక్కపెట్టండి

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి మన చెరువుల్లో, బందల్లో నీళ్లు తగ్గుముఖం పడతాయి. అప్పటికి వరి నూర్పులు అయిపోతాయి. చెరకు నరుకుడు ఒక కొలిక్కి వస్తుంది. కొత్త అమావాస్య దగ్గరపడుతుంది. అనకాపల్లి నూకాలమ్మ జాతరకీ, ఊళ్లలో గ్రామదేవతల పండగలకీ చుట్టాలు వస్తారు కాబట్టి చేపలకు గిరాకీ పెరుగుతుంది. చెరువు పాట పాడుకున్నవాళ్లు వలలు దించడానికి ఇదే అదును. వాళ్లు పట్టుకున్నాక మిగిలిన చేపల కోసం పిల్లా పెద్దా గంపలు, చేతివలలు పట్టుకుని దిగడానికీ ఇదే అదును.

ప్రతి ఏడూ ఇదే రోజుల్లో పత్రికల్లో చిన్న వార్తలు వస్తుంటాయి. చేపల కోసం దిగి ఒకరు, గేదెను తోలుకురాబోయి మరొకరు, స్నానానికి వెళ్లి ఇద్దరు పిల్లలు మునిగిపోయారని రాస్తారు. చివర్లో 'ప్రమాదవశాత్తు' అనే మాట ఉంటుంది. పోలీసు కాగితంలోనూ అదే మాట. నా అభ్యంతరం ఆ మాట మీదే. గోతిని మనిషి తవ్వాడు. తవ్వినవాడికి దాని లోతు తెలుసు. తవ్వడానికి అనుమతి ఇచ్చినవాడికి ఆ చోటు తెలుసు. దిగినవాడికి మాత్రమే తెలియదు. అలాంటప్పుడు అది ప్రమాదవశాత్తు ఎలా అవుతుంది?

లెక్క చిన్నదేమీ కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో నీట మునిగి చనిపోయినవాళ్లు 38 వేలకు పైగా ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద 2021లో 3 లక్షల మంది ఇలా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఐక్యరాజ్యసమితి 2021 నుంచి ఏటా జూలై 25ను నీట మునిగే మరణాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ రోజు మన మండలాల్లో ఎవరైనా చెరువు గట్టు మీద నిలబడి నాలుగు మాటలు చెప్పగా మీరు విన్నారా? నేను వినలేదు.

చెరువు తెలిసినవాళ్లే ఎందుకు మునుగుతున్నారు

'ఊరి చెరువు మాకు తెలియదా, పుట్టినప్పటి నుంచి ఈదుతున్నాం' అని పెద్దలు అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. వాళ్లకు తెలిసిన చెరువు ఇప్పుడు లేదు, అంతే.

మా చిన్నతనంలో వేసవిలో చెరువు ఎండాక మన్ను ఎడ్లబళ్ల మీద పొలాలకు తోలేవాళ్లు. పలుగు, పారలతో తవ్వి తట్టలతో ఎత్తితే ఎంత లోతు పోతుంది? జానెడు, మహా అయితే మూరెడు. బండి దిగాలి, బరువుతో మళ్లీ ఎక్కాలి. కాబట్టి తవ్వినచోట కూడా వాలు ఉండేది. చెరువు అడుగు పళ్లెంలా ఉండేది. మదుం దగ్గర లోతు, ఎగువకు పోయేకొద్దీ మెరక. అడుగులో అడుగు వేసుకుని దిగితే మోకాలు, మొల, గొంతు అని నీరే మనిషిని హెచ్చరించేది.

ఇప్పుడు పొక్లెయిన్ దిగుతోంది. 2015లో నీరు-చెట్టు కార్యక్రమం మొదలయ్యాక చెరువుల్లో యంత్రాలతో పూడిక తీయడం బాగా పెరిగింది. ఆ తరవాత ప్రభుత్వాలు మారినా యంత్రాలు ఆగలేదు. పూడిక పేరుతో మొదలైన పని చాలాచోట్ల లేఅవుట్లకు, రోడ్లకు, ఇటుక బట్టీలకు మట్టి తోలే వ్యాపారమైంది. టిప్పర్‌కి మట్టి త్వరగా నిండాలంటే పైపైన చెక్కుకుంటూ పోరు. దొరికినచోట నిలువునా దించుతారు. రెండు నిలువులు, మూడు నిలువులు దించి, గోడలు నిటారుగా వదిలేసి పోతారు. వానలు పడతాయి, చెరువు నిండుతుంది. పైన చూస్తే ఒకే నీరు, ఒకే రంగు. మొలలోతులో నడుస్తున్న మనిషి తరవాతి అడుగుకి రెండు నిలువుల లోతులో ఉంటాడు. పట్టుకోబోతే బంకమన్ను గోడ చేతిలో జారిపోతుంది. వాడి వెనక చెయ్యి అందించబోయినవాడూ అదే గోతిలో పడతాడు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే.

మాది పెద్దేరు ఒడ్డున ఉన్న ఊరు. పెద్దేరు, బొడ్డేరు, శారద నదుల్లోనూ ఇదే కథ. ఇసుక తవ్విన గోతులు వరదకు కొన్ని పూడతాయి, కొన్ని కొత్తచోటికి మారతాయి. నిరుడు నడిచిన రేవు ఈ ఏడు రేవు కాకపోవచ్చు.

చేపల వేట దగ్గర ఇంకో మెలిక ఉంది. నీరు తగ్గేకొద్దీ చేప లోతుకు పోతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు అన్నీ చివరికి చేరేది ఆ గోతుల్లోకే. అందుకే వల లాగేది కూడా అక్కడే. అంటే ఫాల్గుణ చైత్రాల్లో చేపలకు దిగే మనిషి చెరువులో అన్నిటికంటే ప్రమాదమైన చోటికి కావాలనే నడుస్తున్నాడు. చెరువు చాలావరకు ఎండిపోయింది కదా అని ఇంటివాళ్లు ధైర్యంగా ఉంటారు. నిజానికి నిండు చెరువులో ఎవరూ నడుచుకుంటూ దిగరు. సగం ఎండిన చెరువులోనే నడుచుకుంటూ దిగుతారు.

మంచు మీద నడిచేవాళ్లు ఏం చేస్తారు

మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్తున్న అమెరికాలో చలికాలం చాలా చెరువులు గడ్డకడతాయి. ఆ మంచు మీద నడిచి వెళ్లి, చిల్లు పెట్టి, గాలం వేసి చేపలు పడతారు. ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో ఇది లక్షల మందికి అలవాటు. అక్కడి ప్రభుత్వ సహజ వనరుల శాఖ ఎంత మందానికి ఏం చేయొచ్చో కొలతలు ప్రకటిస్తుంది. మనిషి నడవాలంటే కొత్తగా కట్టిన గట్టి మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి. బండి ఎక్కించాలంటే ఇంకా ఎక్కువ ఉండాలి. ఒకచోట కొలిచి ఊరుకోకూడదు, ముందుకు పోతూ మళ్లీ మళ్లీ చిల్లు వేసి చూడాలి. చలి తగ్గే రోజుల్లో మంచు మందంగానే కనిపిస్తుంది గాని లోపల గుల్లబారుతుంది. అందుకని మంచు మీద వేసుకున్న గుడిసెలు మార్చిలో ఫలానా తేదీకల్లా తీసెయ్యాలని గడువు పెడతారు. ఇన్ని చెప్పి, ఏ మంచూ నూటికి నూరుపాళ్లు భద్రం కాదని కూడా ఆ శాఖే రాస్తుంది.

2022 డిసెంబరు 26న అరిజోనా రాష్ట్రంలోని వుడ్స్ కేనియన్ సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. వాళ్లు పుట్టి పెరిగిన నేల మీద గడ్డకట్టే నీళ్లు లేవు. పైకి గట్టిగా కనిపించేదాని కింద ఏముందో చూడకుండా అడుగు వెయ్యకూడదని ఆ దుర్ఘటన చెబుతోంది. అక్కడ మంచు, ఇక్కడ మొలలోతు నీళ్లు. రెండూ పైకి ఒకే తీరుగా నమ్మకం పుట్టిస్తాయి.

తేడా ఒకటే. అక్కడ కొలతలు చెప్పే ప్రభుత్వ శాఖ ఒకటి ఉంది. ఇక్కడ గోతిని మనమే తవ్వించుకుని, దాని లోతెంతో ఒక్క ముక్క కూడా రాసిపెట్టుకోవడం లేదు.

దిగే ముందు ఏం చూడాలి

మొదట లోతు. మనిషిని దింపి లోతు చూడటం పాత అలవాటు. ఆ అలవాటు మానాలి. పదిహేను అడుగుల వెదురు గెడ తీసుకుని అడుగుకో రంగు గీత పెట్టండి. తెప్ప మీద ఇద్దరు, నడుములకు తాడు, తాడు కొస గట్టు మీద ఉన్నవాళ్ల చేతిలో. గట్టు నుంచి ఎగువకు వరసలు వరసలుగా పది అడుగులకోసారి గెడ దించి చూడాలి. గెడ ఒక్కసారిగా దిగబడినచోట గొయ్యి అంచు ఉన్నట్టు. ఆ అంచుకు ఇవతల, నిలబడే చోట, సరుగుడు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టండి. మన జిల్లాలో సరుగుడు కర్రకు కరువు లేదు. మే నెలలో చెరువు పూర్తిగా ఎండితే ఈ పని ఇంకా సులువు. నడిచి చూసి, టేపుతో కొలిచి, బొమ్మ గీసి పంచాయతీ గోడకు అంటించొచ్చు.

రెండోది బురద. తామర, గుర్రపుడెక్క, తుంగ పెరిగిన చెరువులో అడుగు కనిపించదు. తామర తూళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. నల్లమట్టి బురద మోకాలు దాటి దిగబడితే బలవంతుడైనా కాలు పీకలేడు. గెడ గుచ్చితే తేలిగ్గా దిగి, లాగితే రాకుండా పట్టేసుకునే చోటికి వల తీసుకుపోకండి.

మూడోది నీరు. తెల్లవారుజామున గట్టు మీద నిలబడి చూడండి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ గాలి మింగుతుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. పగలు నాచు, మొక్కలు ప్రాణవాయువు ఇస్తాయి. రాత్రి అవే దాన్ని వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజాముకు అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములు ఉంటే చేపకు హాయి, 3 కంటే తగ్గితే అవస్థ. మబ్బు పట్టి గాలి ఆడని రోజుల్లో, తగ్గిన నీటిలో చేపలు కిక్కిరిసినప్పుడు ఇది ముదురుతుంది. యంత్రం లేకపోయినా ఒక గుర్తు ఉంది. చెయ్యి చాచి మోచేతి దాకా నీటిలో ముంచండి. మోచెయ్యి మునగక ముందే అరచెయ్యి కనబడకుండా పోతే, పచ్చదనం మితిమీరినట్టు. ఇక ఎండల్లో ఆలస్యం చెయ్యకుండా సగం చేపలైనా ముందుగా పట్టెయ్యడం మంచిది.

నీళ్లు నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వస్తున్నా, ఒక్క రాత్రిలో చిన్నా పెద్దా చేపలన్నీ వెల్లకిలా తేలినా ఎవరూ దిగకండి. పశువుల్ని తోలకండి. ఆ చేపలు వండుకోకండి, అమ్మకండి. పురుగుమందు కలిసి ఉండొచ్చు. మందు కొట్టిన ట్యాంకులు చెరువులో కడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది, అది మానాలి. చేపల కోసమే మందు కలిపేవాళ్లూ ఉన్నారు. నీటిలో విషం కలిపి గాని, మందుగుండు పేల్చి గాని చేపలు పట్టడం 1897 నాటి చేపల చట్టం కిందే నేరం. 1897 నుంచి నేరమైన పని ఈరోజు దాకా సాగుతోందంటే, చట్టం లేక కాదు, అడిగేవాడు లేక.

నాలుగోది కరెంటు. స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి నీటిలో వైరు వదిలి చేపలు పట్టడం ఆత్మహత్యతో సమానం. గట్టు మీద మోటార్లున్న చెరువుల్లో వలలు దించే ముందు వైర్లు నీటిలో వేలాడుతున్నాయేమో చూసి, సరఫరా ఆపించండి.

ఐదోది మదుం. చేపలు త్వరగా చేతికి రావాలని మదుం తలుపులు ఎత్తేసి, ఇంజన్లు పెట్టి చెరువు తోడేసే పాటదారులు ఉన్నారు. తెరిచిన మదుం దగ్గర నీరు మనిషిని లాగేస్తుంది, పిల్లల్ని ఆ దరికి రానివ్వకూడదు. పైగా ఆ నీరు చేపలది మాత్రమే కాదు. ఫాల్గుణంలో చెరకు మొక్కతోటకూ, కార్శి తోటకూ తడి కావాలి. వైశాఖంలో పశువులు తాగాలి. చుట్టుపక్కల బావుల్లో ఊట నిలవాలి. చెరువులో ఎంత నీరు ఉంచి చేపలు పట్టాలో ఆయకట్టు రైతులు, పాటదారు ముందే కూర్చుని గుర్తురాయి చూపించుకుని ఒప్పుకోవాలి. ఆ ఒప్పందం పాట కాగితంలోనే ఉండాలి.

ఆఖరుది మనుషులు. వల లాగేటప్పుడు గట్టు మీద ఈత వచ్చినవాళ్లు ఇద్దరు ఊరికే నిలబడి ఉండాలి. పొడవాటి తాడు, రెండు లారీ ట్యూబులు, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు దగ్గర ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే ఎగిరి దూకకండి. తాడు, చీర, గెడ, ఏది దొరికితే అది విసరండి. బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పనిలో కాలం పోగొట్టకండి. ఊపిరి ఆడకపోతే నోటితో ఊపిరి ఊదడం, ఛాతీ నడిమధ్య నొక్కడం వెంటనే మొదలుపెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. ఇది నేర్పమని మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని మన సంఘం అడగొచ్చు.

ఎవరి పని ఇది

ఇదంతా చెరువులో దిగే కూలివాడి తెలివికి వదిలేస్తే లాభం లేదు. రోజు కూలికి వల లాగడానికి వచ్చినవాడు 'ముందు లోతు కొలవండి' అని పాటదారుని అడగలేడు. అడిగితే రేపు పని ఉండదు. కాబట్టి అడగాల్సింది ఊరు.

అధికారం లేదనడానికి వీల్లేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చిన్ననీటి పారుదల, మత్స్య పరిశ్రమ రెండూ పంచాయతీల అంశాలుగా ఉన్నాయి. రైతులే సాగునీటిని నిర్వహించుకోవాలని మన రాష్ట్రంలో 1997లో చట్టం వచ్చింది. దాని కింద నీటి సంఘాలు ఏర్పడ్డాయి, 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలూ జరిగాయి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వాల్టా చట్టం వచ్చింది. ఊరి చెరువులు, ఉమ్మడి భూములు కాపాడాలని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగపాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. కాగితాలకు కొదవ లేదు. గెడ పట్టుకుని చెరువులో లోతు కొలిచే మనిషే లేడు.

'అయితే పూడిక తియ్యొద్దంటావా' అని కొందరు రైతులు అడుగుతారు. తియ్యాలి. పూడిక తీస్తేనే చెరువులో నీరు నిలుస్తుంది. ఆ మట్టి మన పొలాలకు బలం. చెరువంతా సమంగా, అంచులు వాలుగా, గట్టు పాదానికి దూరంగా తియ్యమంటున్నాం. గట్టు మొదట్లో గొయ్యి తవ్వితే రేపు తుపానుకు గట్టే జారుతుంది. అప్పుడు మునిగేది ఆయకట్టు. ఒకేచోట నిలువునా తవ్వేది పూడికతీత కాదు, మట్టి దోపిడీ.

'పాటదారుకు భారం అవుతుంది' అనేది రెండో అభ్యంతరం. ఇద్దరికి ఒక రోజు కూలి, పది సరుగుడు కర్రలు, ఒక తాడు. ఒక్క వలకు పడిన చేపల్లో ఇది ఎంత? మత్స్యకార సహకార సంఘాలకు కూడా ఇదే చెబుతున్నాం. చేపల వేటే బతుకుగా ఉన్న కుటుంబాలకు నీటి సంగతి మనకంటే బాగా తెలుసు. లోతు కొలిచే పని వాళ్ల చేతుల మీదుగానే జరగాలి, దానికి కూలి చెల్లించాలి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది, ప్రాణం పోతే 5 లక్షలు. మీ సంఘంలో ఎందరి పేర్లు అందులో నమోదయ్యాయో ఈ నెలలోనే చూసుకోండి. నమోదు కాని కూలీలు దిగితే వాళ్ల బాధ్యత ఎవరిదో వల వెయ్యక ముందే తేల్చండి.

మన డిమాండ్లు ఇవి. చెరువులో మట్టి తవ్వడానికి అనుమతి ఇచ్చే అధికారి ఎక్కడ, ఎంత లోతు, ఎంత వాలు అన్నది కాగితంలో రాయాలి. పని అయ్యాక నీటి సంఘం ముందు కొలిచి చూపించాలి. నిలువు గోతులు వదిలేసినవాళ్ల చేత అంచులు వాలుగా చెక్కించాలి, లేదా ఖర్చు రాబట్టి పంచాయతీ ఆ పని చేయించాలి. చేపల పాట కాగితంలో లోతు కొలవడం, గుర్తు కర్రలు, తాళ్లు, మిగల్చాల్సిన నీటి మట్టం షరతులుగా చేర్చాలి. వలలు దించే ముందు గ్రామ మత్స్య సహాయకుడు వచ్చి నీరు చూసి రాసివ్వాలి. గొయ్యిలో మునిగి ఎవరైనా చనిపోతే ఆ గొయ్యి ఎవరు తవ్వారో, ఎవరి అనుమతితో తవ్వారో పోలీసు విచారణలో చేర్చాలి.

ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం. ఆ రోజు గ్రామసభలు పెడతారు. ఈసారి ప్రతి ఊళ్లో మన సంఘం సభ్యులు చెరువు గోతుల మీద ఒక తీర్మానం రాసుకుని వెళ్లండి. వెళ్లే ముందే ఒక ఆదివారం పొద్దున్న ఒక గెడ, ఒక తాడు పట్టుకుని మీ చెరువు కొలవండి. ఎన్ని గోతులు, ఎంతెంత లోతు, మదుంకి ఎంత దూరం అన్నది నోటు పుస్తకంలో రాసి, ఒక నకలు సంఘం మండల కమిటీకి ఇవ్వండి. చేతిలో లెక్క ఉన్నవాడు గ్రామసభలో అడిగితే 'ఏ గొయ్యి, ఎక్కడ గొయ్యి' అని ఎవరూ తప్పించుకోలేరు.